పిల్లమ్మ చూపించిన బాట

పిల్లమ్మ సైకిల్ తొక్కడం నేర్చుకున్నప్పుడు ఆమె వయసు ముప్పై ఎనిమిది. ఆ సైకిల్ కూడా ఆమెది కాదు, కూతురు చైత్రది. ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, చదివే పిల్లలకు సర్కారు ఉచితంగా ఇచ్చే సైకిల్. తోటి పిల్లలంతా బస్సులో పోతుంటే తానొక్కతే చెమటలు కక్కుతూ తొక్కుకుంటూ పోవడం చైత్రకు నామోషీ అయింది. నెల తిరగకముందే దాన్ని గొర్రెల కొట్టానికి ఆనించి వదిలేసింది. హ్యాండిల్ మీద కోళ్లు ఎక్కి కూర్చునేవి.

వాళ్లది ఎర్రగుంటపల్లి. హోసూరు నుంచి రాయకోట పోయే రోడ్డులో ఉద్దనపల్లి దాటాక లోపలికి తిరగాలి. పిల్లమ్మ మొగుడు బైరప్పకు గొర్రెల మంద ఉంది. తాత నాటి నుంచీ వాళ్లకు అదే బతుకు. పొలం అంటూ ఉన్నది ఇంటి తిండికి రాగులు పండే చెక్క. అది చాలక పిల్లమ్మ రోజా తోటలో పనికి పోయేది. ప్లాస్టిక్ పైకప్పుల కింద రోజాలు పెంచే పెద్ద పెద్ద షెడ్లు మా వైపు చాలా ఉన్నాయి. ఆమె పనిచేసే షెడ్డు మూడు చెరువులకు అవతల. తెల్లవారకముందే నడక మొదలుపెడితే మొగ్గలు కోసే వేళకు చేరుకునేది. కాస్త ఆలస్యమైతే మేస్త్రీ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

ఒకరోజు ఆ మాటలు పడి వచ్చిన సాయంత్రం కోళ్లను అదిలించి సైకిల్ బయటికి తీసింది. చైత్ర నవ్వింది.

"ఈ వయసులో నీకెందుకుమా ఇది? పడి కాలు ఇరిగితే నాయిన నన్ను తిడతాడు."

అంటూనే వెనకాల పట్టుకుంది. చెరువు కట్ట మీద తల్లీకూతుళ్లు వారం రోజులు కుస్తీ పట్టారు. పిల్లమ్మ ఒకసారి తుమ్మపొదలో పడింది, ఒకసారి తూము దగ్గర బురదలో పడింది. తర్వాత ఎవరూ పట్టుకోకుండానే కట్ట చివరిదాకా పోయి, దిగడం తెలియక అక్కడే ఒక చెట్టును పట్టుకుని ఆగింది.

ఊళ్లో నవ్వుకున్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది పాపక్క. పాపక్క బైరప్పకు సొంత అక్క. మొగుడు పోయాక తమ్ముడి ఇంటి పక్కనే చిన్న ఇల్లు వేసుకుని, ఒక ఆవును మేపుకుంటూ, డెయిరీకి పాలు పోసుకుంటూ ఉండేది.

"ఏమే, గొర్రెలోళ్ల కోడలు సైకిలెక్కి యాడికి పోతాదే? కలెక్టరాఫీసుకా?"

"రోజాలు కొయ్యనీకి పోతా ఉండా వదినా. నీ కొప్పులోకి ఒకటి తెచ్చేదా?" అని బెల్లు కొట్టి పోయేది పిల్లమ్మ.

ఆ దారి తనకు ఇష్టమని మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. అది చెప్పుకునే సంగతి అని కూడా తోచలేదు. ఇంటి ముందు నుంచి కిందికి దిగితే మోహన్‌కుమార్ వాళ్ల మెట్ట పొలాలు. తరాలుగా ఊళ్లో సేద్యం చేసిన ఇల్లు వాళ్లది. ఆ పొలాల నడుమ బండి పట్టేంత బాట ఒకటి ఉండేది. ఊరి ఆవులూ గొర్రెలూ మనుషులూ ఆ బాట మీదే పెద్దచెరువుకు పోయేవాళ్లు. అది ఎవరి భూమి అని అడిగినవాడు లేడు, పోవద్దన్నవాడు లేడు. కట్ట ఎక్కితే ఒకవైపు నీళ్లు, ఒకవైపు పల్లంలో బంతి తోటలు, టమోటా, క్యాబేజీ. చలికాలంలో అయితే ముందు చక్రం కూడా కనపడనంత మంచు. ఆ మంచులోంచి నీటికోళ్ల అరుపులు మాత్రం వచ్చేవి. పెద్దచెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మొరవ దాటితే తామరాకులు కమ్ముకున్న చిన్న చెరువు, దానికవతల కొత్తచెరువు. అక్కడికి వచ్చేసరికి పొద్దు పొడిచి రాయకోట కొండ ఎర్రగా తేలేది. దారంతా చదును. ఎక్కడా దిగి తొయ్యాల్సిన పని లేదు. ఇంట్లో మొగుడు, కూతురు, గొర్రెలు. షెడ్డులో మేస్త్రీ, ముళ్లు, మందు వాసన. ఆ రెంటికీ నడుమ ఉన్న కాసేపే ఆమెది.

కొన్నేళ్లు అలాగే గడిచాయి. చైత్ర చదువు ముగించి ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరి అక్కడి హాస్టల్లోనే ఉండిపోయింది. సైకిల్ పూర్తిగా పిల్లమ్మదే అయింది.

ఒక ఆదివారం పొద్దున చిన్న చెరువు కట్ట మీద ఓ గుంపు సైకిళ్లు ఆపుకుని దిక్కులు చూస్తూ నిలబడి ఉంది. అందరికీ తలకు హెల్మెట్లు, ఒంటికి అతుక్కుపోయిన రంగురంగుల బట్టలు. వాళ్లను తీసుకొచ్చినవాడు అనంతకుమార్. ఉండేది హోసూరు పక్క మత్తిగిరిలో. వారమంతా కంపెనీలో సూపర్‌వైజర్ పని, ఆదివారం వస్తే బెంగళూరు వాళ్లను పల్లెల్లో సైకిళ్ల మీద తిప్పే వ్యాపారం.

"అక్కా, ఈ కట్ట మీద పోతే యాడికి తేలతామక్కా? ఫోన్‌లో దారి చూపియ్యడం లేదు."

"నేనూ ఆ పక్కకే పోతా ఉండానప్పా. నా ఎనకాల రాండి."

చీర కుచ్చిళ్లు దోపుకుని ఆమె ముందు పోతుంటే వాళ్లంతా వెనకాల వచ్చారు. కొత్తచెరువు దగ్గర అందరూ దిగి కొండనూ నీళ్లనూ చూస్తూ నిలబడ్డారు. ఒకామె పిల్లమ్మ చేయి పట్టుకుని ఇంగ్లీషులో ఏదో అంది. "రోజూ ఈ దారిలో పోతావంట, ఎంత అదృష్టమో నీది అంటా ఉందక్కా," అని అనంతకుమార్ చెప్పాడు. పిల్లమ్మ సిగ్గుపడింది. ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు అంతకుముందు.

తర్వాతి వారమే అతను ఇంటికి వచ్చాడు. ఆదివారాలు షెడ్డు పని మానుకుని ముందుండి దారి చూపిస్తే చాలు, కూలి ఇస్తానన్నాడు. బైరప్ప గొర్రెల కాళ్లు చూస్తూ కూర్చుని, తలెత్తకుండానే, "దాని ఇష్టం," అన్నాడు. అలా పిల్లమ్మ చీర మీద పసుపు పచ్చ జాకెట్ తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని, ప్రతి ఆదివారం ఆ గుంపుకు ముందు తొక్కుతూ పోయింది. మూడు చెరువుల రైడ్ అని అనంతకుమార్ దానికి పేరు పెట్టాడు. కొత్తగా తొక్కేవాళ్లూ, పిల్లలూ, పెద్దవాళ్లూ ఎవరైనా రావచ్చని ఫోన్లలో ప్రచారం చేశాడు.

నవ్విన పాపక్కే మొదట మెత్తబడింది. రైడ్ అయ్యాక వాళ్లకు ఊళ్లో భోజనం కావాలని అనంతకుమార్ అడిగితే, "నేను చేస్తా పో," అని తానే ముందుకొచ్చింది. రాగి ముద్ద, అనపగింజల పులుసు, వేరుశెనగ చట్నీ. ముద్ద మింగడం రాక వాళ్లు నములుతుంటే పాపక్కకు నవ్వు ఆగేది కాదు. "నమిలేదానికి అదేమన్నా చక్కిలమా? గుటుక్కున మింగండి!" అని అదిలించేది. వాళ్లు ఫోటోలు తీసుకుంటుంటే కొంగు సర్దుకుని నిలబడేది. ఆదివారం వస్తే తెల్లవారుజామునే లేచి ఆవును గబగబా చెరువుకు తోలి, నీళ్లు తాపించి తెచ్చి, పొయ్యి రాజేసేది. అలా రెండేళ్లు వదినా మరదళ్లు ఒకే ఇంట్లో ఉన్నట్టే ఉన్నారు. పిల్లమ్మ పెళ్లయి వచ్చిన తర్వాత వాళ్లు అంత నవ్వుకున్న రోజులు ముందూ లేవు, తర్వాతా లేవు.

రైడ్‌కు వచ్చేవాళ్లలో రఘునాథ్ అని ఒకాయన ఉండేవాడు. యాభై దాటిన మనిషి, బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం, మాట్లాడేది తెలుగే. అందరికంటే వెనక నిదానంగా వచ్చేవాడు. ఎవరూ వెనకబడిపోకుండా చూడటానికి పిల్లమ్మ అప్పుడప్పుడు ఆగి ఆయన పక్కన తొక్కేది. భార్య పోయిందనీ, ఫ్లాట్‌లో నిద్ర పట్టదనీ, ఈ కట్ట మీదికి వస్తేనే ఊపిరి ఆడుతుందనీ చెప్పేవాడు. ఒక ఆదివారం పెద్దచెరువు దగ్గర ఆగి, మెట్ట పొలాల వైపు చూస్తూ అడిగాడు.

"ఈ భూమి ఎవరిదమ్మా?"

"మోహన్‌కుమార్ వాళ్లది సార్. బోరు ఎండిపోయినాక సేద్యం మానుకున్నారు. అమ్మేస్తారని అంటా ఉండారు."

"నాకొక చిన్న ఇల్లు, చుట్టూ నాలుగు చెట్లు. అంతే కావాల్సింది. ఆయనతో మాట్లాడిస్తావా?"

పిల్లమ్మ ఆయన్ను మోహన్‌కుమార్ ఇంటికి తీసుకుపోయింది. పోకముందు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మంచివాడు, ఒంటరివాడు, ఇల్లు కట్టుకుంటానంటున్నాడు. ఇందులో అడ్డం చెప్పేదేముంది? ఆ రోజు మోహన్‌కుమార్ ఇంట్లో అందరికీ కాఫీ ఇచ్చారు. గడప లోపలికి పిలిచి పిల్లమ్మకు కుర్చీ వేయడం అదే మొదటిసారి. అది కూడా ఆమెకు గుర్తుండిపోయింది.

రఘునాథ్ చిన్న ఇల్లే కట్టాడు. మాట తప్పలేదు. కానీ ఆ ఇంటి మెట్ల మీద కూర్చుని నీళ్లు చూసిన ఆయన స్నేహితులకు ఆశ పుట్టింది. ఒకరి తర్వాత ఒకరు కొన్నారు. మోహన్‌కుమార్ మిగిలిన మెట్టంతా అమ్మి కృష్ణగిరిలో ఇల్లు కట్టుకుని పోయాడు. కొన్నవాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు, కమిటీ వేసుకున్నారు. అవకాడో మొక్కలు, మామిడి మొక్కలు నాటారు. నాటినవాటిని బైరప్ప గొర్రెలు ఒక మధ్యాహ్నం మేసేశాయి. ఎప్పుడూ పోయే బాటే, ఎప్పుడూ మేసే గట్లే. గొర్రెకు ఏది గడ్డో ఏది అవకాడోనో ఎట్లా తెలుస్తుంది? రఘునాథ్ స్వయంగా ఇంటికి వచ్చి, "పోనీలే బైరప్పా, నువ్వు కావాలని చేసినావా," అన్నాడు. ఆయనకు నిజంగానే కోపం రాలేదు. అయినా తర్వాతి నెలలో రాతి కూసాలు దిగాయి. బర్గూరు నుంచి లారీల్లో వచ్చిన నున్నటి కూసాలు. వాటికి ముళ్ల తీగ లాగారు. బాట మొదట్లో ఇనప గేటు పెట్టారు.

పిల్లమ్మ పరుగెత్తుకుంటూ పోయి అడిగింది. "సార్, జీవాలు నీళ్లకు యాడ పోవల్ల?"

"నేనొక్కడినే అయితే వేసేవాడిని కాదమ్మా," అన్నాడు రఘునాథ్. ఆయన ముఖంలో బాధ కూడా కనపడింది. "కమిటీ తీర్మానం. మొన్న ఒక తోటలో నీళ్ల మోటారు దొంగతనం అయింది, అందరూ భయపడుతున్నారు. మీ సైకిళ్లకు మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు. ఆదివారం గేటు తెరిచి పెట్టమని చెప్పినాను."

ఆ ఆదివారం పిల్లమ్మ ఎప్పటిలాగే ముందు పోయింది. గేటుకు కాస్త ఇవతల, రోడ్డు పక్కన బైరప్ప మందతో నిలబడి ఉన్నాడు. ఎందుకు వచ్చాడో ఆమెకు అర్థం కాలేదు. ఎప్పుడూ ఆ వేళకు అక్కడికి వచ్చే అలవాటు కొద్దీ గొర్రెలే లాక్కొచ్చాయేమో. సెక్యూరిటీ కంపెనీ పంపిన హిందీ కుర్రాడు గేటు తీశాడు. వెనకాల అందరూ తొక్కుతూ వస్తున్నారు, ఆగితే ఒకరి మీద ఒకరు పడతారు. పసుపు జాకెట్‌తో పిల్లమ్మ లోపలికి పోయింది. ఆమె వెనకాల బెంగళూరు సైకిళ్లన్నీ పోయాయి. గేటు మళ్లీ మూశారు. గొర్రెలు తీగ దగ్గరికి వచ్చి ముట్టెలు ఆనించి నీళ్ల వైపు చూస్తూ అరిచాయి. కట్ట ఎక్కాక వెనక్కి చూస్తే బైరప్ప కర్ర గడ్డానికి ఆనించుకుని ఆమెనే చూస్తున్నాడు. ఆ రోజు కొత్తచెరువు దాకా ఎట్లా పోయిందో ఆమెకు గుర్తు లేదు. కొండను చూడమని అందరికీ చూపించే చోట ఆగడం కూడా మరిచిపోయింది.

మరుసటి వారం పాల సొసైటీ వసారాలో ఊరంతా చేరింది. పిల్లమ్మను పిలిపించారు.

"ఎవురు తెచ్చినారు వాళ్లను ఈడికి? ఎవురు చూపించినారు?" అని ఒకరు అడిగితే, మిగిలినవాళ్లంతా ఆమె వైపు తిరిగారు. పాపక్క స్తంభం పక్కన కూర్చుని ఉంది. ముద్దలు వండి పెట్టిన మనిషి, ఫోటోలకు నిలబడిన మనిషి, అందరికంటే ముందు నోరు తెరిచింది.

"ఇదే. సైకిలెక్కి ఊరేగింది కదా. మొగుడు గొర్రెలు కాసేవాడని దీనికి నామోషీ."

"వదినా!" అంది పిల్లమ్మ. మొగుడి వైపు చూసింది. ఆయన ఒక మాట అంటే చాలు, భూమి అమ్మింది మోహన్‌కుమార్ కదా, ఆయన పేరు ఎవురూ ఎత్తరేమని ఒక్క మాట.

బైరప్ప కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నేను వద్దనే చెప్పినాను. అది ఇనలే," అన్నాడు.

ఆయన ఎన్నడూ వద్దనలేదు. దాని ఇష్టం అన్నాడు, అంతే. పిల్లమ్మకు గేటు వేసినందుకు వచ్చిన ఏడుపు వేరు, ఆ మాటకు వచ్చిన ఏడుపు వేరు. మొదటిది అందరి ముందూ ఏడ్చింది. రెండోది లోపలే ఉండిపోయింది.

ఊరివాళ్లు తాలూకా ఆఫీసుకు పోయారు. పటం తీసి చూశారు. అక్కడ చెరువు ఉంది, కట్ట ఉంది. ఊరి నుంచి చెరువుకు బాట మాత్రం లేదు. అదంతా పట్టా భూమి. ఇన్నేళ్లు మోహన్‌కుమార్ ఇంటివాళ్లు పోనిచ్చారు కాబట్టి పోయారు, అంతే. దారి కావాలంటే కోర్టుకు పోవచ్చన్నారు. ఎవరు పోతారు?

శనివారం అనంతకుమార్ ఫోన్ చేస్తే పిల్లమ్మ ఇక రానని చెప్పింది.

"అదేందక్కా, నీకోసమే వచ్చేవాళ్లు ఉండారు. గేటు మనకు తెరుస్తారు కదా?"

"మనకు తెరుస్తారు కాబట్టే అనంతప్పా."

"సరే అక్కా. నీ ఇష్టం. వేరే వాళ్లను చూసుకుంటాలే," అన్నాడు. అతను ఎక్కువ బతిమాలి ఉంటే ఆమె ఇంకా కోప్పడేదేమో. అంత సులువుగా సరే అనడం ఆమెను మరోలా నొప్పించింది. జాకెట్, హెల్మెట్ డెయిరీ వ్యానులో మత్తిగిరికి పంపించేసింది.

ఊళ్లో జీవాలకు వేరే నీళ్లు లేవు. చెరువుకు ఇంకొక దారి తారు రోడ్డు మీదుగా చుట్టు తిరిగి, మొరవ పక్క నుంచి. ఆ రోడ్డు మీద పగలంతా కంకర జల్లి మోసే టిప్పర్లు పోతుంటాయి. బైరప్ప మందను ఆ దారిలో తోలడం మొదలుపెట్టాడు. ఎండాకాలంలో ఒక పొద్దున, మలుపు దగ్గర ఒక టిప్పర్ ఆగలేక మంద మధ్యలోకి దూసుకొచ్చింది. డ్రైవర్ దిగి తల పట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాడు. బైరప్ప చచ్చినవాటిని పక్కకు లాగి, కాళ్లు విరిగినవాటిని అక్కడే కోయించి, మిగిలినవాటిని తోలుకుని ఇంటికి వచ్చాడు. తర్వాతి సంతకు పోయి మొత్తం మంద అమ్మేశాడు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఖాళీ కర్ర ఒకటే ఉంది. పిల్లమ్మ అన్నం పెడితే తినలేదు. ఆమె పక్కన కూర్చుంటే లేచి ఖాళీ కొట్టంలోకి పోయి పడుకున్నాడు.

కొన్నాళ్లు ఆయన ఏ పనీ చేయలేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం పిల్లమ్మ పని నుంచి వచ్చేసరికి అరుగు మీద కొత్త నీలం చొక్కా, టోపీ పెట్టి ఉన్నాయి.

"ఇదేంది?"

"గేటు కాడ పని. ఆ హిందీ పిల్లోడు ఎళ్లిపోయినాడంట. రఘునాథ్ సార్ పిలిచి ఇచ్చినాడు."

"ఏ గేటు?"

ఏ గేటో ఇద్దరికీ తెలుసు.

"నీ జీవాల్ని ఎండగట్టిన గేటుకి నువ్వు కావలా?"

"ఇంకేం చెయ్యమంటావు? నాకు తెలిసింది జీవాలొకటే. నువ్వు నాకు అది లేకుండా చేసినావు." ఆ మాట గట్టిగా అనలేదు. ఎన్నాళ్లుగానో లోపల తిప్పుకుంటున్న మాటలా నిదానంగా అన్నాడు. పిల్లమ్మ చొక్కా మడిచి మేకుకు తగిలించింది.

అప్పటికి ఆ రెండిళ్లలో పాపక్క ఒక్కతే ఇంకా ఆవును పట్టుకుని ఉంది. చుట్టు దారిలో రోడ్డు మీదుగా నడిపించేది. టిప్పర్ సంగతి జరిగాక ఆమెకూ భయం పట్టుకుంది. తమ్ముడే గేటు కాడ ఉన్నాడని తెలిసిన మర్నాడు, ధైర్యంగా ఆవును ఆ బాటకు తోలుకుపోయింది. అరగంటలో తిరిగి వచ్చింది. తన ఇంటికి పోకుండా నేరుగా పిల్లమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. పాల సొసైటీలో జరిగిన తర్వాత ఆమె ఆ గడప దగ్గరికి రావడం అదే మొదలు.

"నీ మొగుడు నాతో ఏమన్నాడో తెల్సునా? పర్మిషన్ లేదంట. నా చేతుల్లో పెరిగినోడు, నేను ఎత్తుకుని తిప్పినోడు, మొకం పక్కకు తిప్పుకుని పర్మిషన్ లేదని నాకు చెప్పినాడే!"

పిల్లమ్మ చేతిలో ఉన్న చేట కింద పెట్టింది. పాపక్క చేతిలోంచి పగ్గం తీసుకుని ఆవును వెనక్కి తిప్పింది. పాపక్క ఏమీ అర్థం కాక వెనకాలే నడిచింది.

గేటు అవతల బైరప్ప టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వీళ్లను చూసి లేచాడు.

"తెరువు," అంది పిల్లమ్మ.

"తెరిస్తే పని పోతాది."

"పోనీ. నేను రోజాలు కోస్తా ఉండా కదా, ఇద్దరం బతకలేమా? ఎండలో నోరు లేని జీవం. నీ అక్కది. తెరువు."

బైరప్ప గేటు మీద చెయ్యి పెట్టాడు. తీయలేదు. ఆవు నీళ్ల వాసన పట్టి మెడ చాచి అరిచింది. ఆయన అటు చూడకుండా, "ఎళ్లిపోండి. సార్ చూస్తే బాగుండదు," అన్నాడు. ఒకప్పుడు వాన వస్తే గొర్రెపిల్లను తన గొంగడిలో చుట్టుకుని తెచ్చిన మనిషి. పిల్లమ్మ ఆ ముఖంలోకి చూసింది. ఆయన కళ్లు నేల మీదే ఉన్నాయి.

మాటలు వినపడి రఘునాథ్ ఇంట్లోంచి వచ్చాడు. చేతిలో టీ కప్పు ఉంది. సంగతి అర్థమై నొచ్చుకున్నాడు.

"బైరప్పా, తెరువు. ఆవే కదా. ఈ రోజుకు పోనీ. నేను కమిటీకి చెప్పుకుంటాను."

బైరప్ప వెంటనే గొళ్లెం లాగాడు. భార్య అడిగితే తీయని చెయ్యి, అక్క ఆవు అరిస్తే తీయని చెయ్యి, ఆ మాటకు చప్పున లాగింది. గేటు కిర్రుమని తెరుచుకుంది. పాపక్క ఒక అడుగు ముందుకు వేసింది.

పిల్లమ్మ పగ్గం బిగించి పట్టుకుంది. "ఈ ఒక్కరోజుకే అయితే వద్దు సార్," అంది.

"అదేంటమ్మా, పాపం దప్పికతో ఉంది..."

"రేపు కూడా దప్పికవుతాది కదా సార్."

మంచివాడే రఘునాథ్. ఆయన మంచితనం వల్ల తనకు ఎంత నష్టం జరిగిందో ఆయనకు చెప్పాలని పిల్లమ్మకు అనిపించింది. ఆవును వెనక్కి తిప్పింది. అది రానని మొరాయిస్తే మెడ మీద చెయ్యి వేసి నెమ్మదిగా లాక్కొచ్చింది. వెనకాల గేటు మూసిన చప్పుడు వినపడింది.

ఇద్దరు ఆడవాళ్లూ రోడ్డు దాకా వచ్చారు. అక్కడ పాపక్క పగ్గం తీసుకుంది.

"తెరిచినప్పుడు తాపియ్యకుండా పౌరుషం ఎవురికి చూపించినావు? ఆవు నీదా, నాదా?" అంది. తర్వాత, ఇంకా చల్లారక, "నువ్వే కదే తెచ్చింది వాళ్లను," అంది.

"అవును వదినా," అంది పిల్లమ్మ. "నేనే."

ఆ ఎండాకాలం దాటకముందే పాపక్క ఆవును అమ్మేసింది. ఇప్పుడు ఆమె వంద రోజుల పనికి పోతుంది. మరదలి వాకిలి తొక్కదు, తమ్ముడితో మాట్లాడదు. బైరప్ప గేటు దగ్గర వేసిన రేకుల గదిలోనే ఎక్కువగా ఉంటాడు. రెండు పూటలా తిండికి ఇంటికి వస్తాడు. ఉప్పు కావాలా, నీళ్లు కావాలా అనే మాటలు తప్ప వాళ్లిద్దరి మధ్య వేరే మాటలు లేవు. ఆయన్ను తప్పు పట్టాలో జాలి పడాలో పిల్లమ్మకు తెలియదు. రెండూ కలిసి ఆమెను అలసిపోయేట్టు చేశాయి. చైత్ర ఫోన్ చేసి తన దగ్గరికి వచ్చేయమంటుంది. హాస్టల్ గదిలో తల్లిని ఎక్కడ పెట్టుకుంటుందో ఆ పిల్లకూ తెలియదు.

ఆదివారం రైడ్‌లు మాత్రం ఆగలేదు. ఇంకా ఎక్కువ మంది వస్తున్నారు. హోసూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి ముందుండి తీసుకుపోతుంది. భోజనం రఘునాథ్ వాళ్ల సంఘం కట్టుకున్న హాల్లో పెడతారు. రాగి ముద్ద కూడా ఉంటుందట.

పిల్లమ్మ ఇంకా రోజాలకే పోతుంది, ఆ సైకిల్ మీదే. ఆదివారం మాత్రం ఇప్పటికీ పోదు. మిగిలిన రోజుల్లో తారు రోడ్డు మీద, అంచును పట్టుకుని తొక్కుతుంది. వెనకాల టిప్పర్ హారన్ వినపడితే దిగి, సైకిల్‌ను మట్టి మీదికి లాగి, దుమ్ము అణిగేదాకా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడుతుంది. పాత దారి కంటే ఇది చాలా దూరం. మధ్యలో ఒక ఎక్కుడు ఉంది. అక్కడ ప్రతి రోజూ దిగి తోసుకుంటూ పోతుంది.